వేరును అంటితేనే కల్చర్: విశాఖ కూరగాయల మళ్లలో మేలు చేసే బాక్టీరియా లెక్క

ఆనందపురం, పద్మనాభం, భీమిలి, పెందుర్తి, సబ్బవరం మండలాల నుంచి తెల్లవారేసరికి విశాఖ రైతుబజార్లకు వంకాయ, బెండ, బీర, ఆనపకాయ బస్తాలు చేరుతుంటాయి. ఆ మళ్లలో ఇప్పుడు ‘కల్చర్’ అనే మాట గట్టిగా వినిపిస్తోంది. పంటకు మేలు చేసే బాక్టీరియాను పొడిగానో ద్రవంగానో ప్యాకెట్ చేసి అమ్మే సరుకే ఇది. ఒక మడిలో కల్చర్ కలిపాక నారు ఏపుగా లేచిందంటారు. గట్టు అవతల అదే ప్యాకెట్ వేసినా ఆకు రంగు కూడా మారలేదంటారు. రెండు మాటలూ నిజం కావచ్చు. అయోమయానికి కారణం బాక్టీరియాను కూడా యూరియా లాగే బస్తా సరుకుగా లెక్కవేయడం.

ప్రభుత్వాల ఒత్తిడి కూడా ఈ వైపే పెరుగుతోంది. రాష్ట్రంలో రైతు సాధికార సంస్థ 2016 నుంచి ప్రకృతి సాగును విస్తరిస్తోంది. రసాయన ఎరువుల వాడకం తగ్గించిన రాష్ట్రాలకు ప్రోత్సాహం ఇచ్చే పీఎం-ప్రణామ్ పథకాన్ని కేంద్రం 2023లో తెచ్చింది. 2024 నవంబరులో జాతీయ ప్రకృతి వ్యవసాయ మిషన్‌కు ఆమోదం తెలిపింది. వాడకం పెరుగుతున్నందువల్ల ఏది ఎప్పుడు పనిచేస్తుందో తెలుసుకోవడం రైతుకు డబ్బుతో ముడిపడిన విషయం.

సంక్షిప్తంగా

మేలు చేసే బాక్టీరియా మొక్కకు చేసే సాయంలో పెద్ద భాగం వేరు పెరుగుదల, నారు దశలో రక్షణ. గాలి నుంచి తెచ్చే నత్రజని, చిక్కుడు జాతి కాని కూరగాయల్లో కొద్దిగానే ఉంటుంది. చేలో చల్లితే దాదాపు వృథా. విత్తనానికి, నారు వేరుకు, నాటే గుంటకు చేర్చితే ఫలితం. సేంద్రియ పదార్థం తక్కువున్న ఎర్ర ఇసుక నేలలో గెత్తం (పశువుల ఎరువు), ఆచ్ఛాదన (నేల మీద గడ్డి కప్పు) లేకుండా ఏ కల్చర్ కూడా నిలవదు. టమాటా, వంగలో బాక్టీరియా ఎండు తెగులు వచ్చిన తరువాత ఇవి మందు కావు.

ఒకే అర, మూడు రకాల సరుకు

దుకాణంలో ‘బయో’ అని రాసి ఒకే అరలో ఉండేవన్నీ ఒకటి కావు. అజోస్పైరిల్లం, అజటోబాక్టర్, రైజోబియం, ఫాస్ఫోబాక్టీరియా జీవన ఎరువులు, అంటే మొక్కకు పోషకాలు అందేలా చేసే బాక్టీరియా. ఇవి 1985 నాటి ఎరువుల నియంత్రణ ఉత్తర్వు కిందికి 2006లో వచ్చాయి. పొడి రూపంలో గ్రాముకు కనీసం 5 కోట్లు, ద్రవ రూపంలో మిల్లీలీటరుకు కనీసం 10 కోట్ల బతికున్న కణాలు ఉండాలని ఆ ప్రమాణం చెబుతోంది. సూడోమోనాస్ ఫ్లోరెసెన్స్, బాసిల్లస్ సబ్టిలిస్ తెగుళ్ల అదుపు కోసం అమ్మినప్పుడు జీవ పురుగుమందుల లెక్కలోకి వస్తాయి. వాటికి 1968 నాటి పురుగుమందుల చట్టం కింద రిజిస్ట్రేషన్ నంబరు ఉండాలి. మూడోవి బయోస్టిమ్యులెంట్లు. సముద్రపు నాచు రసం, హ్యూమిక్ ఆమ్లం వంటి వీటిలో చాలావాటిలో బతికున్న జీవి ఉండదు. పక్కనే ఉండే ట్రైకోడెర్మా, వామ్ అసలు బాక్టీరియాలే కావు, శిలీంధ్రాలు.

అందువల్ల ప్యాకెట్ మీద ముందు చూడవలసింది బొమ్మ కాదు. బాక్టీరియా పేరు, కణాల సంఖ్య, బ్యాచ్ నంబరు, తయారీ తేదీ, గడువు తేదీ చూడాలి. పొడి కల్చర్‌కు సాధారణంగా 6 నెలలు, ద్రవానికి ఏడాది పైచిలుకు గడువు ఉంటుంది. అది నీడలో, 30 డిగ్రీల లోపు నిల్వ ఉంచినప్పటి మాట. మే నెలలో రేకుల కప్పు కింద పెట్టిన అజోస్పైరిల్లం గడువు తేదీ రాకముందే చచ్చిపోతుంది. బాసిల్లస్ మాత్రం స్పోరు అనే గట్టి పొరలో ఒదిగి వేడిని ఓర్చుకుంటుంది. నిల్వ ఎలా చేశారో తెలియని వేసవి సరుకులో మిగతావాటికంటే బాసిల్లస్‌ను నమ్మడానికి కారణం ఇదే.

వేరు చుట్టూ జరిగేది

ఆకు తయారుచేసిన చక్కెరలో కొంత భాగాన్ని మొక్క వేర్ల నుంచి మట్టిలోకి వదులుతుంది. దానికోసం వేరు చుట్టూ రెండు మూడు మిల్లీమీటర్ల మేర బాక్టీరియా గుంపు కడుతుంది. జర్మనీ శాస్త్రవేత్త లోరెంజ్ హిల్ట్నర్ 1904లో ఈ పొరకు రైజోస్పియర్ అని పేరు పెట్టారు. కల్చర్ కథంతా నడిచేది ఈ సన్నని పొరలోనే. రెండంగుళాల దూరంలో పడిన బాక్టీరియాకు మొక్కతో సంబంధం ఉండదు, తిండీ ఉండదు.

గాలిలోని నత్రజనిని అమ్మోనియాగా మార్చే ఎంజైమ్ పేరు నైట్రోజినేజ్. ఒక్క నత్రజని అణువును విడగొట్టడానికి కనీసం 16 ఏటీపీలు, అంటే కణంలోని శక్తి నాణేలు, ఖర్చవుతాయి. పైగా ఆక్సిజన్ తగిలితే ఆ ఎంజైమ్ చెడిపోతుంది. చిక్కుడు జాతి మొక్కలు రైజోబియానికి వేరుబుడిపెలో గది కట్టి, చక్కెర పోసి, ఆక్సిజన్‌ను అదుపు చేస్తాయి. టమాటా, వంగ, బెండలకు ఆ ఏర్పాటు లేదు. వేరు పైన బతికే అజోస్పైరిల్లం దొరికిన కొద్ది చక్కెరతో తనకు సరిపడా నత్రజని పట్టుకుంటుంది, మొక్కకు వదిలేది కొంచెమే. ఈ పంటల్లో అజోస్పైరిల్లం అసలు మేలు మరోచోట ఉంది. అది వదిలే ఆక్సిన్ హార్మోను వల్ల పక్కవేర్లు, వేరునూగు పెరుగుతాయి. వేరు ఎక్కువ మట్టిని తాకితే అప్పటికే ఉన్న నీరు, పోషకాలు బాగా అందుతాయి.

ఇక్కడే ఒక సాధారణ పొరపాటు జరుగుతుంది. కల్చర్ వేసిన రోజే పూర్తి మోతాదు యూరియా కూడా వేస్తారు. మట్టిలో అమ్మోనియా దండిగా ఉంటే బాక్టీరియా నత్రజని పట్టే పనిని ఆపేస్తుంది. ఉచితంగా దొరికే దానికోసం 16 ఏటీపీలు ఖర్చు చేయడం దానికి నష్టం.

భాస్వరం సంగతి వేరు. ఏళ్ల తరబడి డీఏపీ వేసిన మళ్లలో భాస్వరం ఉంటుంది కానీ మొక్కకు అందదు. ఎర్ర నేలల్లో అది ఇనుము, అల్యూమినియంతో, సున్నం ఎక్కువున్న నేలల్లో కాల్షియంతో బిగిసిపోతుంది. ఫాస్ఫోబాక్టీరియా గ్లూకోనిక్ వంటి ఆమ్లాలు వదిలి ఆ బిగింపును సడలిస్తుంది. ప్రయోగశాలలో దీన్ని ఎంచేది ఎక్కువగా కాల్షియం ఫాస్ఫేటును కరిగించే శక్తిని చూసి. ఇనుముతో బిగిసిన భాస్వరం అంత తేలిగ్గా వదలదు, పైగా మట్టి ఆ ఆమ్లాన్ని చాలావరకు పీల్చేస్తుంది. పళ్లెంలో కనిపించే ఫలితం ఎర్ర మట్టిలో పలచబడేది ఇందుకే. అసలు భాస్వరమే లేని నేలలో అయితే కరిగించడానికి ఏమీ ఉండదు. మట్టి పరీక్ష కాగితం చూడకుండా ఫాస్ఫోబాక్టీరియా కొనడం గుడ్డి బేరం.

సూడోమోనాస్ పని కాపలా. ఇనుమును లాక్కునే సిడెరోఫోర్లు, కొన్ని రకాల్లో శిలీంధ్రాలను చంపే రసాయనాలు వదులుతుంది. అంతకంటే ముఖ్యంగా మొక్క సొంత రక్షణను ముందే మేల్కొల్పుతుంది. నారుకుళ్లు, వేరుకుళ్లు తెగుళ్లలో ఇది అక్కరకొస్తుంది, కానీ తెగులు కంటే ముందు వేరెక్కితేనే.

చల్లితే గ్రాముకు వంద, ముంచితే మిల్లీలీటరుకు లక్షలు

2 కిలోల పొడి కల్చర్‌ను ఎకరం అంతా చల్లారనుకుందాం. గ్రాముకు 5 కోట్ల చొప్పున అందులో 10 వేల కోట్ల కణాలు ఉన్నాయి. చెవికి పెద్ద అంకెగా వినిపిస్తుంది. కానీ ఎకరంలో పై 15 సెంటీమీటర్ల మట్టి బరువు సుమారు 9 లక్షల కిలోలు, అంటే 90 కోట్ల గ్రాములు. భాగిస్తే గ్రాము మట్టికి దాదాపు 110 కణాలు. ఆ గ్రాములో అప్పటికే కోట్ల సంఖ్యలో స్థానిక బాక్టీరియా, వాటిని తినే ప్రోటోజోవా ఉన్నాయి. ఎండ కూడా తోడైతే ఆ 110 కొద్ది రోజులైనా నిలవవు.

అదే రకం కల్చర్ ఒక్క కిలో తీసుకుని 40 లీటర్ల నీటిలో కలిపి నారు వేర్లు ముంచితే, మిల్లీలీటరుకు 12.5 లక్షల కణాలు. 60 సెంటీమీటర్ల సాళ్లలో 45 సెంటీమీటర్ల ఎడం పెట్టిన టమాటాకు ఎకరానికి 15 వేల మొక్కలు పడతాయి. ఒక్కో వేరుకు ఒక మిల్లీలీటరు అంటుకున్నా చాలు, వేరు పైన చోటు ముందే ఆక్రమించేది కల్చరే అవుతుంది. సగం సరుకుతో ఎన్నో రెట్ల పని జరుగుతుంది. పక్కపక్క మళ్లలో ఫలితం తేడాకు తొలి కారణం ఈ లెక్కే.

ఎర్ర నేల, బోరు నీరు, అక్టోబరు వాన

విశాఖ చుట్టూ మెట్ట కూరగాయల నేలలు ఎక్కువగా ఎర్ర ఇసుక పాలు ఉన్నవి. నీరు త్వరగా దిగిపోతుంది, సేంద్రియ కర్బనం తక్కువ. బాక్టీరియాకు కర్బనమే తిండి. ఏప్రిల్, మే నెలల్లో కప్పులేని ఎర్ర నేల పైపొర మధ్యాహ్నానికి చెయ్యి పెట్టలేనంత కాగుతుంది. 25 నుంచి 30 డిగ్రీల మధ్య హాయిగా పెరిగే సూడోమోనాస్ అక్కడ బతకదు. గడ్డి గానీ, అనకాపల్లి వైపు దండిగా దొరికే చెరకు చెత్త గానీ మూడు నాలుగు అంగుళాల మందాన పరిస్తే వేడి, తేమ రెండూ అదుపులోకి వస్తాయి. చెరకు చెత్తను మట్టిలో కలిపి దున్నకూడదు. అందులో కర్బనం మరీ ఎక్కువ, నత్రజని మరీ తక్కువ. దాన్ని కుళ్లబెట్టే క్రమంలో సూక్ష్మజీవులు మట్టిలోని నత్రజనిని లాగేసుకుని పంటను పసుపు రంగుకు తెస్తాయి.

తీరానికి దగ్గరున్న బోర్లలో ఉప్పు మరో అడ్డంకి. నీటిలో ఉప్పు ఎంతుందో చెప్పే విద్యుత్ వాహకత మీటరుకు 2 డెసీసీమెన్లు దాటితే కల్చర్ కలపడానికి వాన నీరో చెరువు నీరో వాడాలి. కొన్ని బాక్టీరియాల్లో ఉండే ఏసీసీ డీఎమినేజ్ ఎంజైమ్ ఉప్పు ఒత్తిడిలో మొక్క తయారుచేసే ఎథిలీన్‌ను తగ్గించి వేరు ఆగిపోకుండా చూస్తుంది. ఉప్పు తగిలే మళ్లకు ఇది విలువైన గుణం. అయితే అది మట్టిలో ఉప్పును తగ్గించదు, మొక్క ఓర్పును కొంత పెంచుతుంది.

అక్టోబరు గట్టి వానల నెల, తుపానుల కాలం. 2014లో హుద్‌హుద్ విశాఖను తాకింది అక్టోబరు 12న. మళ్లలో నీరు రెండు రోజులు నిలిస్తే గాలి అందక మరో తెగ బాక్టీరియా విజృంభించి, నైట్రేటును వాయువుగా మార్చి గాలిలో కలిపేస్తుంది. ఆ వారంలో వేసిన కల్చర్ వృథా. ఎత్తు బోదెలు వేసి, మురుగు కాలువ తీశాకే ఈ ఖర్చు గురించి ఆలోచించాలి.

నారు నుంచి నాటు వరకు

ట్రేలలో నారు పెంచేవారు కడిగి ఉప్పు తీసిన కోకోపీట్ (కొబ్బరి పీచు పొట్టు) 300 కిలోలకు 5 కిలోల వేపపిండి, అజోస్పైరిల్లం, ఫాస్ఫోబాక్టీరియా చెరో కిలో కలుపుతారు. తక్కువ నారుకు అదే నిష్పత్తిలో తగ్గించుకోవచ్చు. బెండ, బీర, ఆనప వంటి నేరుగా విత్తే పంటల్లో విత్తన శుద్ధి చేస్తారు. లీటరు నీటిలో 100 గ్రాముల బెల్లం మరిగించి, పూర్తిగా చల్లార్చి, విత్తనం తడిసేంత జిగురు పోసి కల్చర్ పట్టించి నీడలో అరగంట ఆరబెడతారు. రంగు కోసం హైడ్రోస్ అనే రసాయనం కలిపిన తెల్ల బెల్లం వద్దు, అది బాక్టీరియాకు పడదు. నల్ల బెల్లం లేదా గంజి నయం. విత్తనానికి శిలీంధ్రనాశని, పురుగుమందు పట్టించాల్సి వస్తే అవి ముందు, బాక్టీరియా అన్నిటికంటే చివర. రంగు పూతతో వచ్చే హైబ్రిడ్ విత్తనానికి మందు ముందే పట్టించి ఉంటుంది. దాని మీద కల్చర్ పూయడం కంటే నారు వేర్లు ముంచడం మేలు.

వేర్లు ముంచే పని సాయంత్రం పెట్టుకోవాలి. 200 గ్రాముల ప్యాకెట్లు 5, నీరు 40 లీటర్లు, 15 నుంచి 20 నిమిషాలు. ఆపైన ఆలస్యం చేయకుండా నాటి, తడి ఇవ్వాలి. ముంచిన నారును గట్టు మీద ఎండలో పెట్టి మధ్యాహ్నం నాటితే వేరు మీది పొర ఎండి కణాలు చస్తాయి.

గెత్తంలో వృద్ధి చేయడం మూడో దారి. బాగా మాగిన గెత్తం 100 కిలోలు, వేపపిండి 10 కిలోలు, కల్చర్ 2 కిలోలు కలిపి నీరు చిలకరిస్తారు. పిడికిట పిండితే ముద్ద కావాలి, నీరు కారకూడదు. నీడలో కుప్ప పోసి తడి గోనెలు కప్పి, రెండు మూడు రోజులకోసారి తిరగేస్తే వారం పది రోజుల్లో సిద్ధమవుతుంది. ట్రైకోడెర్మా కుప్పలో తెలుపు, ఆకుపచ్చ బూజు కనిపిస్తుంది. బాక్టీరియా కుప్పలో కంటికి ఏ గుర్తూ ఉండదు, బూజు రాలేదని మళ్లీ కల్చర్ పోయనక్కరలేదు. పచ్చి పేడ వాడితే మాత్రం కుప్ప లోపల ఉడికిపోతుంది. చెయ్యి లోపల పెట్టినప్పుడు కాలితే కల్చర్ పోయినట్టే. ఈ 112 కిలోలను 15 వేల మొక్కలకు పంచితే ఒక్కోదానికి సుమారు 7 గ్రాములు. అందుకే బోదె పొడవునా చల్లకుండా నాటే గుంటలోనే వేయాలి. దుక్కిలో వేసే పశువుల ఎరువుకు ఇది బదులు కాదు, ఆ టన్నుల గెత్తం విడిగా పడాల్సిందే.

డ్రిప్ ఉన్నవారు ఎకరానికి 500 మిల్లీలీటర్ల ద్రవ కల్చర్‌ను వడకట్టి, డ్రిప్ నీటిలోకి ఎరువును పీల్చే వెంచురీ పరికరం ద్వారా పంపవచ్చు. పైపులు కడగడానికి ఆమ్లం గానీ క్లోరిన్ గానీ వాడిన రోజున కాదు. నాటిన 30 రోజులకు మరో విడత చాలు. కాపర్ ఆక్సీక్లోరైడ్, మాంకోజెబ్, యాంటీబయోటిక్ మందులు వేరు దగ్గర పోస్తే కల్చర్‌కు ముందూ తరువాతా కనీసం వారం, పది రోజుల ఎడం ఉండాలి.

ఎండు తెగులు ముందు పరిమితి

పచ్చగా ఉన్న వంగ, టమాటా మొక్క ఒక్కసారిగా వాలిపోతే మొదల దగ్గర కాండం కోసి గ్లాసుడు శుభ్రమైన నీటిలో ముంచి చూడాలి. కొద్ది నిమిషాల్లో పాలలాంటి దారాలు కిందికి దిగితే అది రాల్‌స్టోనియా సోలనేసియరం అనే బాక్టీరియా తెచ్చే ఎండు తెగులు. అది కాండం లోపలి నీటి గొట్టాలను మూసేస్తుంది. బయట వేరు మీద ఉండే సూడోమోనాస్ అక్కడికి వెళ్లి పోరాడలేదు. నాటే ముందు వేస్తే తెగులు కొంత తగ్గవచ్చు, వాలిన మొక్క మాత్రం లేవదు. ఆ మొక్కను మట్టితో సహా తీసేయాలి. ఆ మడి నీరు పక్క మడికి పారకుండా చూడాలి. తరువాతి కారుకు మొక్కజొన్న వంటి పంట వేయాలి, లేదా తెగులు తట్టుకునే అడవి వంగ వేరుమూలంపై అంటు కట్టిన నారు తెచ్చుకోవాలి. ఈ తెగులు ఉన్న మడిలో మిరప, బంగాళాదుంప వేయడం మార్పిడి కాదు, అవీ అదే కుటుంబం.

బుడిపెలా, నులిపురుగు కణితులా

అలసంద, గోరుచిక్కుడులాంటివాటిలో నత్రజని లాభం నిజంగా పెద్దది. 30, 35 రోజుల మొక్కను పారతో మట్టిముద్దగా తవ్వి వేరు కడిగి చూడాలి. వేరు పక్కన అతుక్కుని, గోటితో తోస్తే ఊడిపోయేది బుడిపె. వేరే ఉబ్బి, తోసినా ఊడనిది నులిపురుగు కణితి. ఇసుక నేలల్లో ఈ రెండూ ఒకే మొక్కకు ఉండవచ్చు. కణితులను చూసి కల్చర్ బాగా పట్టిందని సంతోషిస్తే తరువాతి వంగ పంట దెబ్బతింటుంది. బుడిపెను కోస్తే లోపల గులాబీ రంగు ఉండాలి. తెల్లగా, ఆకుపచ్చగా ఉంటే అది పనిచేయడం లేదు.

రైజోబియం ఏ పంటకు ఆ రకమే కావాలి. అలసందకు పనిచేసేది ఫ్రెంచ్ చిక్కుడుకు పనికిరాకపోవచ్చు. చింతపల్లి, అరకు కొండల్లో వేసే రాజ్మా ఫ్రెంచ్ చిక్కుడు జాతే. సరైన రకం ఇచ్చినా దానికి బుడిపెలు తక్కువ, కాబట్టి నత్రజని ఎరువు పూర్తిగా మానకూడదు. ఆ ఎత్తు ప్రాంతాల ఆమ్ల నేలల్లో ఉదజని సూచిక (పీహెచ్) 5.5 కంటే తక్కువుంటే కల్చర్ కంటే ముందు మట్టి పరీక్ష ప్రకారం సున్నం పడాలి.

జీవామృతంతో పోలిక

200 లీటర్ల నీటిలో 10 కిలోల పేడ, 5 నుంచి 10 లీటర్ల మూత్రం, 2 కిలోల చొప్పున బెల్లం, పప్పుల పిండి, గట్టు మట్టి గుప్పెడు కలిపి రెండు రోజులు మాగబెట్టే జీవామృతానిది వేరే దారి. ప్యాకెట్‌లో ఒకే తెలిసిన జీవి, తెలిసిన సంఖ్య ఉంటాయి. జీవామృతంలో ఎన్నో రకాలు, సంఖ్య పీపా పీపాకూ మారుతుంది. తిండితో సహా పోయడం దాని బలం: బెల్లం, పిండి మట్టిలోని స్థానిక బాక్టీరియాను కూడా లేపుతాయి. ప్రత్యేకించి రైజోబియమో సూడోమోనాసో కావాలంటే దాన్ని నమ్ముకోలేము. పచ్చి పేడలో మనుషులకు హాని చేసే బాక్టీరియా కూడా ఉండవచ్చు కాబట్టి తోటకూర, పాలకూర, కొత్తిమీర ఆకు మీద దీన్ని చల్లకూడదు, మొక్క మొదలు దగ్గరే పోయాలి. కోత దగ్గరపడితే అదీ ఆపాలి.

నగరంలోని మిద్దె తోటలకు మోతాదు చిన్నది. కుండీకి 5 నుంచి 10 గ్రాముల పొడి, గుప్పెడు వర్మీకంపోస్టుతో కలిపి వేరు దగ్గర వేస్తే చాలు. కుళాయి నీటిలో క్లోరిన్ ఉంటుంది. బకెట్‌లో రాత్రంతా మూత లేకుండా ఉంచిన నీటితోనే కల్చర్ కలపాలి.

ఎంత మిగులుతుంది

ఎకరం టమాటాకు 60 కిలోల నత్రజని అనుకుంటే 130 కిలోల యూరియా, అంటే 45 కిలోల బస్తాలు దాదాపు మూడు. కల్చర్‌తో పాటు సాధారణంగా సూచించే 25 శాతం తగ్గింపు పాటిస్తే ఆదా అయ్యేది 33 కిలోలు. సబ్సిడీతో బస్తా 266.50 రూపాయలకు దొరుకుతున్నప్పుడు అది 200 రూపాయలు కూడా కాదు. యూరియా ఆదా కోసమే కల్చర్ అనే ప్రచారం అందుకే రైతు లెక్కకు నిలవదు. చచ్చే నారు తగ్గడం, మళ్లీ నాటే కూలి మిగలడం, బెట్ట తగిలిన వారంలో వేరు నిలవడం, వేరుకుళ్లు మందు ఒక విడత తప్పడం: డబ్బు ఉన్నది ఇక్కడ. తొలి ఏడాదే యూరియా సగానికి కోసేస్తే దిగుబడి పడుతుంది. నాలుగో వంతు మించి తగ్గించకుండా, గెత్తం పెంచుకుంటూ మట్టి పరీక్ష చూసి ముందుకు వెళ్లాలి.

కల్చర్ తన మడిలో పనిచేసిందో లేదో తేల్చుకోవడానికి ఒకటే నమ్మకమైన పద్ధతి. మడి మధ్యలో నాలుగు సాళ్ల నారును కల్చర్ లేని నీటిలో ముంచి నాటి, కర్రలు పాతి గుర్తు పెట్టాలి. మిగతా ఎరువు, తడి, మందులు అన్నీ సమానం. గట్టు పక్క సాళ్లు వద్దు, వాటి వెలుతురు, తేమ వేరు. పదిహేనో రోజున రెండువైపులా చచ్చిన మొక్కలు లెక్కించాలి. నెల రోజులకు చెరో మూడు మొక్కలు తవ్వి వేర్లు కడిగి పక్కపక్కన పెట్టి చూడాలి. మొదటి మూడు కోతల కాయను విడిగా తూచి రాసుకోవాలి. ఖరీఫ్‌లో ఒకసారి, రబీలో ఒకసారి చేస్తేనే ఆ అంకె మీద ఆధారపడవచ్చు, ఎందుకంటే వానకాలపు మట్టి, చలికాలపు మట్టి బాక్టీరియాకు రెండు వేర్వేరు ఊళ్లు.